కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్ కావాలంటే: విజిల్ కొనే ముందు స్టాక్ రిజిస్టర్ తెరువు

"సార్, నేను గూడ మీ లెక్క కోచ్ అయిత." ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా నా గది తలుపు దగ్గర నిలబడి ఈ మాట అనేవాళ్లు. బంతి ఎట్లా ఆడతావో చూపించమని నేను ఎవ్వరినీ అడగలేదు. "బోనఫైడ్ (ఈ కాలేజీ విద్యార్థివనే సర్టిఫికెట్) కావాలని ప్రిన్సిపాల్ గారికి ఒక లెటర్ రాసుకొని రా" అనేవాణ్ణి. నవ్వి పోయేవాళ్లే ఎక్కువ. రాసుకొచ్చినవాళ్లలో నలుగురు ఇవాళ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్లు.

సికింద్రాబాద్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్లు పీడీగా, అంటే ఫిజికల్ డైరెక్టర్‌గా చేసి రిటైరయ్యాను. అంతకుముందు స్కూల్లో పీఈటీని, అంటే వ్యాయామ టీచర్‌ని. ఇంకా ముందు లాలాగూడ రైల్వే క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో లెఫ్ట్ బ్యాక్‌ని. ఇక్కడ చెప్పేదంతా నా దగ్గర ఆడిన పోరగాళ్లకు చెప్పినట్టే చెప్తాను. "నువ్వు" అన్నందుకు పెద్దవాళ్లు ఏమనుకోవద్దు.

ముందు ఒక మాట తెలుసుకో. మన డిగ్రీ కాలేజీల్లో "ఫుట్‌బాల్ కోచ్" అని విడిగా పోస్టు దొరకడం కష్టం. ఉండేది ఫిజికల్ డైరెక్టర్ పోస్టు. ఫుట్‌బాల్ నీ ఇష్టం. కాలేజీకి మాత్రం కబడ్డీ, వాలీబాల్, చెస్ అన్నీ కావాలి. ఆగస్టు 15కు మార్చ్ పాస్ట్ నువ్వే, జూన్ 21కి యోగా నువ్వే, ఫ్రెషర్స్ డే నాడు గేటు దగ్గర లొల్లి ఆపేదీ నువ్వే. ఇవన్నీ మొహం ముడుచుకోకుండా చేస్తేనే సాయంత్రం గ్రౌండ్ నీది.

అమెరికాలో ఉండే మా అల్లుడు అక్కడి కాలేజీ కోచ్‌ల జీతాలు చెప్పి నన్ను ఏడిపించేవాడు. వాళ్ల ఫుట్‌బాల్ వేరే ఆట, చేతులతో పట్టుకొని ఉరుకుతారు. అయినా ఆ కథల్లో ఒకటి నాకు నచ్చింది. 1892లో షికాగో యూనివర్సిటీ తెరిచినప్పుడు ఏమోస్ అలొంజో స్టాగ్ అనే ఆయన్ను ఫుట్‌బాల్ కోచ్‌గా, వ్యాయామ విద్యా శాఖ అధిపతిగా ఒకేసారి పెట్టుకున్నారు, అదీ అధ్యాపక హోదాతో. 1932 దాకా ఆయనే కోచ్. 70 ఏళ్లు వచ్చాయని పక్కన పెడితే ఇంకో కాలేజీకి పోయి మళ్లీ కోచింగ్ మొదలుపెట్టాడు. 1939లో షికాగో వాళ్లు ఆ ఆటనే ఎత్తేశారు. ఆఫీసు కుర్చీలో ఆట పక్షాన మాట్లాడే మనిషి లేకపోతే ఇట్లాగే అయితదని మా అల్లుడితో అన్నాను. వాడు ఒప్పుకోలేదు.

ఇక చదువు సంగతి. డిగ్రీ అయ్యాక పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఎడ్ (వ్యాయామ విద్యలో డిగ్రీ), ఆ తర్వాత రెండేళ్ల ఎంపీఎడ్ (అందులోనే పీజీ). పీఈసెట్ అంటే పెన్నుతో రాసే పరీక్ష అనుకునేవు. పరుగు, గుండు విసరడం, జంప్, వీటితో పాటు నువ్వు ఎంచుకున్న ఆటలో స్కిల్ టెస్టు కూడా ఉంటాయి. ఎంపీఎడ్‌లో 55 శాతం తప్పనిసరి. 54.6 వచ్చి ఇంప్రూవ్‌మెంట్ రాసుకుంటూ ఏడాది పోగొట్టుకున్నవాణ్ణి చూశాను. ఆ తర్వాత కాలేజీ ఉద్యోగాల అర్హత పరీక్షలైన జాతీయ స్థాయి నెట్ కానీ, రాష్ట్ర స్థాయిలో ఉస్మానియా నడిపే సెట్ కానీ, లేదంటే పీహెచ్‌డీ కానీ ఉండాలి. కాలేజీ, యూనివర్సిటీ తరఫున ఆడిన సర్టిఫికెట్లు కూడా అడుగుతారు, వాటిని ఇప్పుడే ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టు. మా ఇంట్లో వాన నీళ్లు దిగి నా సౌత్ జోన్ (దక్షిణాది యూనివర్సిటీల పోటీలు) సర్టిఫికెట్ మీద సంతకం చెరిగిపోయింది. డూప్లికేట్ కోసం ఎన్ని కౌంటర్లు తిరిగానో చెప్తే అదో పెద్ద కథ.

చాలామంది మర్చిపోయేది ఫిట్‌నెస్ టెస్టు. 2018 యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనల ప్రకారం 30 ఏళ్ల లోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు ఉరకాలి, 40 లోపు అయితే 1500. ఆడవాళ్లకు 8 నిమిషాలు. 30 లోపు 1000 మీటర్లు, 40 లోపు 800. 1800 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగున్నర రౌండ్లు, తీరిగ్గా జాగింగ్ చేసినా సరిపోతుంది. కానీ నెట్ కోసం రెండేళ్లు కుర్చీకి అతుక్కొని, బిర్యానీ మీద బతికిన మనిషికి మూడో రౌండ్‌లోనే పక్క పట్టుకుంటుంది. చదువుకునే రోజుల్లో కూడా వారానికి మూడు పూటలు ఉరుకు.

పీడీ డిగ్రీ వేరు, కోచింగ్ లైసెన్స్ వేరు. ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ డి లైసెన్స్‌తో మొదలుపెట్టు. ఆపైన సి, బి, ఏ, చివరికి ప్రో. సి నుంచి పైవి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య మెట్లు. ఎంపీఎడ్ చదువుతుండగానే డి చేసెయ్, పెళ్లయ్యాక సెలవు దొరకదు. పటియాలాలో నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ వాళ్ల ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా మంచిదే, వేసవిలో అయితదా చూసుకో. ఇంకో నిజం కూడా చెప్పాలి. మొదటి మూడు నాలుగేళ్లు చాలామందికి ప్రైవేటు కాలేజీలో పార్ట్ టైమే దొరుకుతుంది, వేసవి నెలలకు పైసలు రావు. సాయంత్రాలు గంటల లెక్కన కిరాయికిచ్చే టర్ఫ్‌ల మీద చిన్న పిల్లలకు నేర్పి నెట్టుకొచ్చినవాళ్లే ఎక్కువ. అది నామోషీ పని కాదు. పదేళ్ల పిల్లవాడికి ఇన్‌సైడ్ పాస్ (పాదం లోపలి వైపుతో బంతి అందించడం) అర్థమయ్యేటట్టు చెప్పడం వస్తే డిగ్రీ పోరడికి చెప్పడం ఎంత పని!

ఉద్యోగం దొరికిందనుకుందాం. మొదటి వారం బంతి తీయకు. గ్రౌండ్ మీద నడువు.

మన దగ్గర పచ్చగడ్డి గ్రౌండ్ ఉన్న కాలేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ మొరం. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా రాళ్లు, గాజు పెంకులు ఏరించు. నువ్వూ వంగి ఏరు, లేకపోతే వాళ్లు ఏరరు. మ్యాచ్ ముందురోజు సాయంత్రం ట్యాంకర్‌తో నీళ్లు కొట్టిస్తే తెల్లారికి దుమ్ము అణుగుతుంది, నేల మరీ రాయిలా ఉండదు. పొడుగు స్టడ్స్ ఉన్న బూట్లు ఈ నేల మీద వద్దు. స్టడ్ నేలలోకి దిగదు, పాదం జారుతుంది, లేదంటే పట్టేసి మోకాలు తిరుగుతుంది. పొట్టి రబ్బరు స్టడ్స్ చాలు. గోల్‌పోస్టులు కదిలేవైతే వెనక ఇనుప కొక్కేలతో నేలకు బిగించు, లేదా ఇసుక బస్తాలు వెయ్యి. పోస్టు పట్టుకొని వేలాడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. పోస్టు మీద పడితే ప్రాణానికే ముప్పు.

గీతలు ముగ్గుతో వెయ్యి, సున్నంతో వద్దు. నేను మొదటి ఏడాది చవగ్గా దొరికిందని సున్నం తెప్పించాను. స్లైడ్ చేసిన పిల్లవాడి కంట్లో పడింది. నల్లా కింద తల పెట్టించి అరగంట కడిగి డాక్టర్ దగ్గరకు ఉరికాను. కన్ను దక్కింది కానీ ఆ రాత్రి నాకు నిద్ర లేదు. వాళ్లమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

మూలలు సరిగ్గా రావాలంటే 12 మీటర్ల తాడు తీసుకో. మూడో మీటరు దగ్గర ఒక ముడి, ఏడో మీటరు దగ్గర ఇంకొకటి వేసి రెండు కొసలూ కలుపు. ముగ్గురు మూడు ముళ్లు పట్టుకొని బిగుతుగా లాగితే మూడు, నాలుగు, ఐదు మీటర్ల భుజాలు వస్తాయి. మూడు, నాలుగు కలిసేచోట లంబకోణం. మేస్త్రీలు ఇల్లు ముగ్గు పోసేది ఇట్లాగే. సెంటర్ సర్కిల్‌కు మధ్యలో మేకు కొట్టి 9.15 మీటర్ల తాడు తిప్పు. అంతర్జాతీయ మ్యాచ్‌లకు మైదానం పొడవు 100 నుంచి 110 మీటర్లు, వెడల్పు 64 నుంచి 75 ఉండాలి. మన కాలేజీకి అంత జాగా ఉండదు, ఉన్నదాంట్లో గీసుకో. కానీ పెనాల్టీ ఏరియా 16.5 మీటర్లు, పెనాల్టీ స్పాట్ 11 మీటర్లు, గోల్ 7.32 వెడల్పు, 2.44 ఎత్తు, వీటిని తగ్గించకు. మేము రెండేళ్లు స్పాట్‌ను అడుగులు లెక్కపెట్టి పెట్టుకున్నాం. సెమీఫైనల్ టైబ్రేకర్‌లో మావాళ్లు ఐదింట్లో మూడు గోల్‌కీపర్ చేతుల్లోకి కొట్టారు. వాపసు వచ్చి టేపు పెడితే మా స్పాట్ తొమ్మిది మీటర్ల దగ్గరుంది!

ఇప్పుడు టీమ్. సెలక్షన్ ఒక్క రోజులో ముగించకు. మొదటిరోజు అందరూ హీరోలే. బొల్లారం, తిరుమలగిరి, మల్కాజిగిరి, బార్కస్, ఎక్కడెక్కడి నుంచో వస్తారు, ఎక్కువమంది సెవెన్స్ (జట్టుకు ఏడుగురే ఆడే ఆట) ఆడి వచ్చినవాళ్లు. కాలి కింద బంతి తిప్పడం బ్రహ్మాండంగా వస్తుంది, ఎప్పుడు వదలాలో తెలియదు. నేను మూడు రోజులు చూసేవాణ్ణి. బంతి పోగొట్టుకున్నాక మొదటి మూడు సెకన్లు ఏం చేస్తాడు? నడుం మీద చేతులు పెట్టుకుంటాడా, వెనక్కి ఉరుకుతాడా? నేను రాసుకునేది అదే.

ఈ డ్రిబ్లింగ్ జబ్బుకు మందు మన ఊళ్లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ వృత్తికి బడి పంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. ఆయన తయారుచేసిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 సార్లు బొంబాయిలో జరిగే పేరున్న టోర్నమెంటు రోవర్స్ కప్ కొట్టింది. ఆయన కోచింగ్‌లోనే భారత్‌కు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో, 1962 జకార్తాలో స్వర్ణాలు వచ్చాయి, మధ్యలో 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. ఈ సంగతులు చాలామందికి తెలుసు. నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో టోర్నమెంట్లు, అలవాటు లేని కాలితోనే ఆడాలని టోర్నమెంట్లు పెట్టించాడాయన. ఉట్టి కోచ్ అయితే ఆ ఆలోచన తన పదిహేను మందికి డ్రిల్‌గా నేర్పి ఊరుకోవాల్సిందే. కార్యదర్శి కాబట్టి ఊరంతా అట్లా ఆడక తప్పలేదు. నేను రిజిస్టర్లు, ఫైళ్లు అని నస పెట్టేది అందుకే.

నీ కాలేజీలో చిన్నగా చెయ్. ఏడుగురు ఏడుగురు, అరగంట, బంతి అందాక ఒక్కొక్కరికి రెండు టచ్‌లే. మంగళవారం ఎడమ కాలి గోల్‌కే లెక్క. మొదటి వారం తిట్టుకుంటారు. మూడో వారం కల్లా తల ఎత్తి చూడటం మొదలవుతుంది.

ప్రాక్టీసు పొద్దున ఆరు నుంచి ఏడున్నర. మొదటి 20 నిమిషాలు ఫిఫా 11 ప్లస్ వార్మప్. మూడు భాగాలు, మొత్తం 15 వ్యాయామాలు, పైసా ఖర్చు లేదు. "సార్, డైరెక్టుగా మ్యాచ్ ఆడుదాం" అంటారు, ఒప్పుకోకు. అయ్యాక ఏదో ఒకటి తినిపించు. అరటిపండు, ఉడకబెట్టిన గుడ్డు, నానబెట్టిన శనగలు. చాలామంది ఇంట్లో ఏమీ తినకుండా రెండు బస్సులు మారి వస్తారు. గుడ్ల పైసలు ఏ పద్దు కింద రాయాలన్నది ముందే అకౌంటెంట్‌ను అడుగు. రంజాన్ నెలలో రోజా ఉన్న పిల్లలకు పొద్దున ఉరుకుడు పెట్టకు. ఇఫ్తార్‌కు ముందు నలభై నిమిషాలు పాసింగ్, సెట్ పీసులు (కార్నర్, ఫ్రీ కిక్‌లు), అంతే. శుక్రవారం నమాజ్ వేళకు ఏదీ పెట్టుకోకు. ఇంకో అనుభవం: రాత్రి హలీం తిని వచ్చిన టీమ్‌కు తెల్లారి బీప్ టెస్ట్ (బీప్ మోగేలోపు ఇటూ అటూ ఉరికే దమ్ము పరీక్ష) పెట్టొద్దు. ఆ ఫలితాలు చించేశాను.

అమ్మాయిల టీమ్ పెడితే మేడమ్ ఒకరు మేనేజర్‌గా తప్పకుండా ఉండాలి. బట్టలు మార్చుకునే గదికి లోపలి గడియ ఉందో లేదో నువ్వే వెళ్లి చూడు. తండ్రికి కాదు, తల్లికి ఫోన్ చెయ్: ఎక్కడ మ్యాచ్, ఎవరు వెంట ఉంటారు, ఇంటికి ఎన్నింటికి చేరుస్తారు. ఆ టైముకు చేర్చు. రెండుసార్లు మాట నిలబెట్టుకుంటే మూడోసారి ఆ తల్లే పక్కింటి పిల్లను కూడా పంపుతుంది.

ఇక నా సొంత సబ్జెక్టు, ఫైలు. ప్రతి ఆటగాడికీ ఒక కవర్: పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఫీజు రసీదు, బోనఫైడ్, ఆధార్, మెడికల్ సర్టిఫికెట్, ఆరు ఫొటోలు. ఇంటర్ యూనివర్సిటీకి వయసు 17 నుంచి 25 మధ్య ఉండాలి, జూలై 1 నాటికి లెక్క. పుట్టినతేదీ పిల్లవాడి నోటి మాట మీద రాసుకోకు, మెమో చూసి రాయి. నా మూడో ఏడాది ఒక మ్యాచ్ 3-1తో గెలిచాం. సాయంత్రం అవతలి టీమ్ ప్రొటెస్ట్ ఇచ్చింది. మా సెంటర్ ఫార్వర్డ్ రెగ్యులర్ స్టూడెంట్ కాడు, దూరవిద్యలో ఉన్నాడు! వాడు నాకు చెప్పలేదు, నేను ఫీజు రసీదు చూడలేదు. మ్యాచ్ పోయింది. వాణ్ణి అందరూ తిట్టారు, కానీ సంతకం నాది.

సామాన్ల సంగతి అంతకంటే తిక్కగా ఉంటుంది. మూడు కొటేషన్లు, పోల్చి చూసే స్టేట్‌మెంట్, ఆర్డర్, బిల్లు, స్టాక్ రిజిస్టర్‌లో ఎంట్రీ, ఈ వరస తప్పితే బిల్లు పాస్ కాదు. పగిలిపోయిన బంతిని పారేయకు. పనికిరానివని కమిటీ సంతకం పెట్టేదాకా అది కాలేజీ ఆస్తి. ఒక ఏడాది ఆడిటర్ వచ్చి మా స్టోర్‌లో చచ్చిన బంతులన్నీ లెక్కపెట్టాడు. రిజిస్టర్‌లో 43, నేల మీద 42. ఆ ఒక్కటీ వాచ్‌మన్ మనవడి దగ్గర దొరికింది, లోపల గుడ్డలు కుక్కి ఆడుతున్నాడు. తెచ్చి చూపించి, సంతకమయ్యాక వాడిది వాడికి ఇచ్చేశాను.

హాజరు లెటర్ మ్యాచ్‌కు ముందే ప్రతి హెచ్‌ఓడీకి (శాఖ అధిపతికి) ఇవ్వు, తర్వాత కాదు. 75 శాతం హాజరు దగ్గర పిల్లలు చిక్కుకునేది సెమిస్టర్ చివర్లో. అప్పుడు ఎవరి కాళ్లు పట్టుకున్నా కష్టమే. ల్యాబ్ ఉన్న రోజు మ్యాచ్ పడితే ఆ లెక్చరర్ దగ్గరకు నువ్వే స్వయంగా పో. పరీక్షల విభాగం క్లర్కుతో రోజూ ఛాయ్ తాగు. ప్రిన్సిపాల్ దగ్గరకు మాత్రం తక్కువ పో, పోయినప్పుడు ఒక్క కాగితంతో పో.

మ్యాచ్ రోజు పెద్దగా చెప్పేది లేదు, అప్పటికి కావాల్సింది అయిపోయి ఉంటుంది. హాఫ్ టైమ్ 15 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు నీళ్లు తాగనివ్వు, నోరు మూసుకో. తర్వాత రెండే విషయాలు చెప్పు. నా సంచిలో థమ్స్ అప్ మూతలు పదకొండు, వేరే రంగువి పదకొండు ఉండేవి. నేల మీద పరిచి జరిపి చూపిస్తే, ఎంత అరిచినా ఎక్కనిది ఎక్కేది.

నాలుగైదేళ్లు ఇట్లా చేస్తే ఎవరో ఒకరు "ఈసారి టోర్నమెంట్ మీ కాలేజీలో పెట్టండి" అంటారు. ఒప్పుకో. నిర్వాహకుడిగా నీ పేరు అక్కడే మొదలయ్యేది. నాకౌట్‌లో ఎన్ని టీమ్‌లుంటే అంతకు ఒకటి తక్కువ మ్యాచ్‌లు. 13 టీమ్‌లొస్తే 12 మ్యాచ్‌లు, 16లోంచి 13 తీసేస్తే 3 బైలు, అంటే మూడు టీమ్‌లు మొదటి రౌండ్ ఆడకుండానే ముందుకు పోతాయి. లీగ్ అయితే 6 టీమ్‌లకే 15 మ్యాచ్‌లు, ఒక్క గ్రౌండ్ మీద ఎన్ని రోజులు పడుతుందో లెక్క వేసుకొని మాటివ్వు. డ్రా అందరి ముందు తీయి, చీటీలు చిన్న పిల్లవాడితో తీయించు. రిఫరీల పైసలు కవర్లలో పెట్టి ఆ రోజే ఇచ్చెయ్. అంబులెన్స్, నీళ్ల డ్రమ్ములు, మూడు మంచి బంతులు ఉంటే సగం గొడవలు ఉండవు. మిగతా సగం ప్రొటెస్టులు. నిబంధనల కాగితం మీద ముందే అందరి సంతకాలు తీసుకో. యూనివర్సిటీ సెలక్షన్ కమిటీకి, సౌత్ జోన్‌కు మేనేజర్‌గా నన్ను పిలిచింది నా టీమ్ గెలిచిన ఏడాది కాదు. మా గ్రౌండ్‌లో టోర్నమెంట్ టైముకు మొదలై టైముకు ముగిసిన ఏడాది.

రిటైరయ్యే రోజు కొత్త పీడీకి చార్జ్ అప్పగించాను. స్టాక్ రిజిస్టర్ మూడు సంపుటాలు, డెడ్ స్టాక్ (పనికిరాని సామాన్ల) రిజిస్టర్ ఒకటి, తాళాలు ఆరు. అతను అన్నీ సరిచూసుకొని సంతకం పెట్టి, "సార్, గీతలు వేసే తాడు ఏది?" అన్నాడు. ఈ పిల్లవాడు పనికొస్తాడనిపించింది. తలుపు వెనక మేకుకు ఉందని చూపించాను. ఏడో మీటరు ముడి కాస్త జారింది, టేపుతో కొలిచి మళ్లీ వేసుకోమన్నాను.